పొలం గట్టు మీద మనకూ దారి ఉంది

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక వీకెండ్ లండన్, ఇంకో వీకెండ్ ఎడిన్‌బరో, మధ్యలో ఒక రోజు బర్మింగ్‌హామ్ దగ్గర బాలాజీ గుడి. అక్కడితో చూడాల్సినవి అయిపోతాయి. వీసా మీద ఇంకా నాలుగు నెలలు మిగిలే ఉంటాయి. ఊళ్లో రోజూ తెల్లవారకముందే పొలం దాకా వెళ్లొచ్చే మనిషి, ఇక్కడ హీటర్ పక్కన కూర్చుని మోకాళ్లు పట్టేస్తున్నాయంటారు. పిల్లలేమో ఫోన్లలో ఉంటారు. మనం ల్యాప్‌టాప్ ముందు ఉంటాం.

అలాంటి ఇంటికి గంట దూరంలో 1,438 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతం ఉంది. పేరు పీక్ డిస్ట్రిక్ట్. ఒకవైపు మాంచెస్టర్, మరోవైపు షెఫీల్డ్, దిగువన డెర్బీ, నాటింగ్‌హామ్. ఈ ఊళ్లన్నిటిలోనూ మనవాళ్లు ఉన్నారు. ఆస్పత్రుల్లో డాక్టర్లుగా, నర్సులుగా, ఐటీ కంపెనీల్లో, యూనివర్సిటీల్లో. అయినా ఆ కొండదారుల్లో తెలుగు మాట వినపడటం అరుదు. స్టాక్‌పోర్ట్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్న నేను మా తెలుగు స్నేహితులను ఎందుకు వెళ్లరని అడిగితే చాలామంది ఒకటే మాట అన్నారు. “ఎవరి పొలాలో ఏమో, లోపలికి వెళితే ఎవరైనా ఏమన్నా అంటారేమో!”

ఆ సందేహానికి ఈ దేశంలో చట్టపరమైన జవాబు ఉంది. దాని వెనక జైలుకు వెళ్లిన మనుషులూ ఉన్నారు.

ఇక్కడ ‘ఫుట్‌పాత్’ అంటే వేరే

మనకు ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్క గట్టు. ఇంగ్లండ్‌లో పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే నడిచే హక్కు ఉన్న దారి. అది రైతు పొలం మధ్యలోంచి పోవచ్చు, గొర్రెల దొడ్డి పక్కగా పోవచ్చు, ఒక్కోసారి ఎవరి ఇంటి పెరటి గోడ వెంబడో పోవచ్చు. భూమి ఆయనదే, దారి మాత్రం అందరిది. దాన్ని మూసేసే అధికారం యజమానికి లేదు. గోడ అడ్డం వస్తే దాటడానికి రాతి మెట్లు గానీ చిన్న గేటు గానీ ఉంటాయి. పసుపు బాణం గుర్తు ఉంటే నడిచేవాళ్ల దారి. నీలం బాణం ఉంటే సైకిళ్లకూ గుర్రాలకూ కూడా దారే.

ఈ దారులన్నీ ఆర్డినెన్స్ సర్వే మ్యాపుల్లో ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. పీక్ డిస్ట్రిక్ట్‌కు రెండు మ్యాపులు కావాలి. ఉత్తరాన నల్లరాతి కొండలకు ఓఎల్ 1, దక్షిణాన సున్నపురాతి లోయలకు ఓఎల్ 24. మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌లో ఉన్న ఒక పెద్దాయన లంచ్ టైమ్‌లో నాకు ఈ మ్యాప్ చదవడం నేర్పాడు. మ్యాప్‌లో లేత పసుపు రంగు పూసిన చోట్ల గీత కూడా అక్కర్లేదు, ఎటు కావాలంటే అటు నడవొచ్చని చెప్పాడు. 2000లో వచ్చిన చట్టం ఇచ్చిన స్వేచ్ఛ అది. ఆ చట్టం ఎక్కడ మొదలైందో చూడాలంటే హేఫీల్డ్ అనే పల్లెకు వెళ్లమన్నాడు.

మిల్లు కూలీల ఆదివారం

హేఫీల్డ్ పైన కనిపించే కొండ కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లు, పీక్ డిస్ట్రిక్ట్‌లో అన్నిటికన్నా ఎత్తయింది. వందేళ్ల కిందట మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు వారానికి ఒక్క ఆదివారమే సెలవు. పొగగొట్టాల మధ్య ఆరు రోజులు గడిపినవాళ్లకు ఆ ఒక్కరోజు కొండగాలి కావాలి. కానీ కొండ మీదికి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. ఏడాదిలో కొన్ని రోజులు గ్రౌజ్ పక్షులను వేటాడే దొరల కోసం మిగతా రోజులన్నీ కాపలావాళ్లు కర్రలతో తిరిగేవాళ్లు.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. దాదాపు 400 మంది హేఫీల్డ్ దగ్గర పాత రాతి క్వారీలో గుమిగూడి, కావాలనే కిండర్ మీదికి నడిచారు. ముందుండి నడిపించిన బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. రుమేనియా నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. మాంచెస్టర్‌లో పెరిగినవాడు. కొండ మీద కాపలావాళ్లతో తోపులాట జరిగింది. దిగి వచ్చేసరికి పోలీసులు సిద్ధంగా ఉన్నారు. డెర్బీ కోర్టు ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలుశిక్ష వేసింది. రాత్‌మన్‌కు నాలుగు నెలలు.

నడిచినందుకు జైలా అని జనానికి కోపం వచ్చింది. కొద్ది వారాల్లోనే కాసిల్టన్ దగ్గర విన్నట్స్ కనుమలో దాదాపు 10,000 మంది సభ పెట్టారు. యుద్ధం ముగిశాక 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 17న బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్‌నే ప్రకటించారు. 1965లో ఈడేల్ పల్లె నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాకా 268 మైళ్ల పెన్నైన్ వే కాలిదారిని తెరిచింది కూడా ఏప్రిల్ 24నే. 2002లో కిండర్ నడకకు డెబ్బై ఏళ్లు నిండిన సభలో, ఆ కొండ అప్పటి యజమాని వంశానికి చెందిన డెవాన్‌షర్ డ్యూక్ తన తాత చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. రాత్‌మన్ ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశాడు.

మా అమ్మాయికి ఈ కథలో నచ్చిన విషయం ఒకటే. “అంటే ఆయన పేరెంట్స్ కూడా మీలాగే బయటినుంచి వచ్చినవాళ్లా నాన్నా?” అని అడిగింది. అవునన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కొండల పైభాగం పీట్ నేల. వేల ఏళ్లుగా కుళ్లిన నాచుతో ఏర్పడిన నల్లటి బురద నేల అది. అడుగు వేస్తే మోకాలిదాకా దిగుతుంది. నడిచేవాళ్ల తొక్కుడుకు అది పాడైపోతుంటే దారి పొడవునా రాతి పలకలు పరిచారు. ఆ పలకల్లో చాలావరకు మూతపడిన నూలు మిల్లుల గచ్చు నుంచి తెచ్చినవి. హెలికాప్టర్లలో పైకి మోసుకొచ్చారు. మిల్లు కూలీలు రోజంతా నిలబడి పనిచేసిన రాళ్ల మీదే ఇప్పుడు మనం నడుస్తాం.

నేషనల్ పార్కులో మనుషులు

మనకు నేషనల్ పార్కు అంటే అడవి, జంతువులు, గేటు, టికెట్టు. ఇక్కడ అదేమీ లేదు. గేటూ లేదు, టికెట్టూ లేదు. పార్కు లోపలే పల్లెలు, చర్చిలు, బడులు, పబ్బులు, పాడి పశువులు. భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటు వాళ్లదే. ఇల్లు కట్టాలన్నా కిటికీ మార్చాలన్నా పార్కు అథారిటీ నిబంధనలు పాటించాలి. అందుకే ఊళ్లు పాత రూపంలోనే నిలబడ్డాయి. చేలమధ్య సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు చూస్తే, మా కర్నూలు వైపు చేలల్లో ఏరిన రాళ్లతో వేసే కట్టలు గుర్తొస్తాయి.

ఇక్కడి పల్లెల పండుగ ఒకటి మన ఆడవాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో ఊరు ఒక్కో వారం తమ బావిని, ఊటను పూలతో అలంకరిస్తాయి. చెక్క పలకల మీద ఉప్పు కలిపిన తడి బంకమట్టి మెత్తి, అందులో పూరేకులు, ఆకులు, గింజలు, నాచు ఒక్కొక్కటిగా అద్ది పెద్ద బొమ్మ తయారు చేస్తారు. ఊరంతా కలిసి రోజుల తరబడి కూర్చుని చేస్తారు. వారం తిరిగేసరికి పూలు వాడిపోతాయి, పలకలు తీసేస్తారు. ఈ ఆచారానికి టిస్సింగ్టన్ అనే పల్లె బాగా పేరు పొందింది. మొదటిసారి చూసినప్పుడు వరంగల్ నుంచి వచ్చిన మా ఆవిడ, “ఇది వీళ్ల బతుకమ్మ” అంది. నీళ్లకు పూలతో దండం పెట్టడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

పొలిమేర దాటని ఊరు

హాథర్‌సేజ్ దాటి కొండెక్కితే ‘ఈమ్’ అనే ఊరు వస్తుంది. 1665లో లండన్‌లో ప్లేగు ఉన్నప్పుడు అక్కడి నుంచి ఈ ఊరి దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. దాన్ని విప్పి ఆరబెట్టిన జార్జ్ వికర్స్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. తర్వాత ఇంటింటా చావులే. మరుసటి ఏడాది వేసవికి జనం ఊరు విడిచి పారిపోయే స్థితి వచ్చింది. అప్పుడు చర్చి పాస్టరు విలియం మోంపెసన్, అంతకుముందు ఆ పదవిలో పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లను కూర్చోబెట్టారు. మనం బయటికి పోతే ఈ జబ్బు పక్క ఊళ్లకూ పోతుంది, పొలిమేర దాటొద్దు అన్నారు. ఊరు ఒప్పుకుంది.

బయటి ఊళ్లవాళ్లు తిండి తెచ్చి పొలిమేర రాయి దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు. ఆ రాతికి ఆరు గుంటలు ఉన్నాయి. వాటిలో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి డబ్బు చెల్లించేవాళ్లు. జబ్బు అంటకుండా ఉంటుందని వాళ్ల నమ్మకం. చర్చి మూసేసి లోయలో ఆరుబయట ప్రార్థనలు చేశారు. ఎవరి ఇంటి శవాన్ని వాళ్లే పూడ్చుకోవాలి. ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతో పూడ్చింది. మోంపెసన్ భార్య కూడా పోయింది. 1666 నవంబర్‌కు జబ్బు ఆగేసరికి ఆ చిన్న ఊళ్లో దాదాపు 260 మంది లేరు.

ఆ ఏడు సమాధులు ఊరి చివర పొలంలో, చిన్న రాతిగోడ లోపల ఉన్నాయి. 2021లో కర్నూలులో మా పెద్దమ్మ పోయినప్పుడు ఫోన్‌లో చూడటం తప్ప నేను ఏమీ చేయలేకపోయాను. మనలో చాలా ఇళ్లలో ఇలాంటి కథ ఉంది. ఆ గోడ దగ్గర మాకెవరికీ మాట రాలేదు. పిల్లలకు మహమ్మారి గురించి, మన ఊళ్లలో పొలిమేర కాచే పోలేరమ్మ గురించి అక్కడే చెప్పాను. పొలిమేర రాయి దాకా ఊరి నుంచి అర్ధగంట నడక. గుంటల్లో ఇప్పటికీ నాణేలు వేసి వెళ్తుంటారు.

నీళ్ల కింద డెర్వెంట్

మా నాన్నగారు 2022లో వచ్చారు. ఆ ఏడు ఇంగ్లండ్‌లో ఎండలు మండిపోయాయి. సెప్టెంబర్‌కల్లా లేడీబవర్ రిజర్వాయర్‌లో నీళ్లు బాగా తగ్గి, అడుగున డెర్వెంట్ ఊరి గోడల మొదళ్లు బయటపడ్డాయి. డెర్బీ, లెస్టర్, నాటింగ్‌హామ్, షెఫీల్డ్‌లకు నీళ్ల కోసం 1935లో ఈ డ్యామ్ పని మొదలైంది. 1945లో ఆరో జార్జ్ రాజు ప్రారంభించాడు. డెర్వెంట్, యాషప్టన్ అనే రెండు పల్లెలు మునిగిపోయాయి. చర్చి పక్క సమాధుల్లోని అస్థికలను తీసి బామ్‌ఫర్డ్‌లో మళ్లీ పూడ్చారు. చర్చి శిఖరాన్ని గుర్తుగా వదిలారు గానీ, జనం ఈదుకుంటూ వెళుతున్నారని, ప్రమాదమని 1947లో పేల్చేశారు.

ఒడ్డున నిలబడి ఇదంతా చెబుతుంటే నాన్న ఒక్కటే అడిగారు. “ఈ ఊరోళ్లను యాడికి పంపినారు?”

డ్యామ్ దిగువన యార్క్‌షర్ బ్రిడ్జ్ దగ్గర ఇళ్లు కట్టి ఇచ్చారని, ఆ ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయని చెప్పాను. చూపించమన్నారు. కారులో పది నిమిషాల్లో వెళ్లాం. వరసగా రాతి ఇళ్లు, ముందు చిన్న తోటలు. నాన్న రోడ్డు మీదే నిలబడి చాలాసేపు చూశారు.

శ్రీశైలం రిజర్వాయర్ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు పోయాయి. మా నాయనమ్మ పుట్టిల్లు అందులో ఒకటి. “దూలాలు, తలుపులు పీక్కోని బండ్లకెత్తుకున్నాం. చింతచెట్టును మాత్రం ఏం చేస్తాం” అన్నారు నాన్న. నాకు నలభై దాటాక, ఇంకో దేశంలో, ఆ చింతచెట్టు సంగతి మొదటిసారి విన్నాను. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందని మా పిల్లలకు ఆయనే చెప్పారు. కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టారని కూడా చెప్పారు. డెర్వెంట్‌లోనూ అలాంటిదే జరిగింది. ఊరి పాత రాతి వంతెనను విప్పి, నంబర్లు వేసి దాచి, 1959లో లోయ ఎగువన స్లిపరీ స్టోన్స్ అనే చోట మళ్లీ నిలబెట్టారు. ఆ తర్వాతి వారం నాన్నే అడిగి ఆ వంతెన దాకా నడిచారు. మోకాళ్ల మాట ఎత్తలేదు.

ఎవరికి ఏ దారి

పెద్దవాళ్లకు, పసిపిల్లల బండి తోసుకెళ్లేవాళ్లకు మాన్సల్ ట్రైల్ మంచిది. బేక్‌వెల్ దగ్గర పాత రైలుమార్గాన్ని దాదాపు ఎనిమిదిన్నర మైళ్ల నడకదారిగా మార్చారు. చదునుగా ఉంటుంది, వీల్‌చెయిర్ కూడా పోతుంది. దీపాలున్న సొరంగాలు పిల్లలకు సరదా. ఎంత దూరం ఓపిక ఉంటే అంత నడిచి వెనక్కి రావచ్చు.

బడి పిల్లలకు మామ్ టార్. 517 మీటర్ల కొండ. కార్ పార్క్ నుంచి రాతి మెట్ల మీద అర్ధగంట కూడా పట్టదు. పైనుంచి హోప్ లోయ మొత్తం కనిపిస్తుంది. కొండచరియలు జారి ముక్కలైన పాత రోడ్డు కింద ఉంది. 1979లో దాన్ని మూసేశారు. జియోగ్రఫీ పాఠం అక్కడే అయిపోతుంది.

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య హోప్ వ్యాలీ రైలు ఈడేల్, హోప్, బామ్‌ఫర్డ్, హాథర్‌సేజ్‌లలో ఆగుతుంది. ఈడేల్ స్టేషన్‌లో దిగితే పెన్నైన్ వే మొదలయ్యే చోటికి నడిచే వెళ్లొచ్చు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకు ఇదే చవక. ఆగస్టులో వెళితే కొండంతా హీథర్ పూలతో ఊదారంగులో ఉంటుంది.

హక్కుతో పాటు మర్యాద

ఈ దారుల పక్కనే బతికే పల్లెవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. ఎండ కాసిన ఆదివారాల్లో వాళ్ల ఇరుకు రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. ట్రాక్టరుకు, అంబులెన్సుకు దారి ఉండదు. అందుకే కారు గడ్డి అంచుల మీద, గేట్ల ముందు పెట్టకూడదు. గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. పశువుల నీళ్ల కోసం రైతే తెరిచి ఉండొచ్చు. దూడలున్న ఆవుల మంద కనిపిస్తే దూరంగా తప్పుకొని నడవాలి. మన ఊరి ఆవులా వచ్చి చెయ్యి నాకదు. గొర్రెపిల్లల కాలంలో పిల్లలను వాటి వెంట పరిగెత్తనివ్వొద్దు.

కొండ మీద నిప్పు, బార్బెక్యూ వద్దే వద్దు. పీట్ నేల ఎండితే లోపలినుంచి రోజుల తరబడి కాలుతుంది. 2018 జూన్‌లో శాడిల్‌వర్త్ మూర్ అంటుకుంటే సైన్యం దిగాల్సి వచ్చింది. ఇంట్లోంచి పులిహోర, పెరుగన్నం డబ్బాలు పట్టుకెళితే నిప్పుతో పనేముంది? ఖాళీ డబ్బాలు తిరిగి ఇంటికే తెచ్చుకోవాలి.

జులైలో కూడా వానకోటు, అదనంగా ఒక స్వెటర్ సంచిలో ఉండాలి. కింద ఎండ ఉన్నా పైన పొగమంచు నిమిషాల్లో కమ్ముతుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి కాగితం మ్యాప్ తీసుకెళ్లాలి. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి. ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగాలి. వచ్చేవాళ్లంతా వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. తమ ఉద్యోగాలు, భోజనాలు వదిలేసి వస్తారు. ఊళ్లో టీ తాగినప్పుడు వాళ్ల హుండీ కనిపిస్తే రెండు పౌండ్లు వేయండి.

ఇక పాత సందేహం. ఎవరైనా ఏమన్నా అంటారా? ఇన్నేళ్లలో నాకు ఎదురైన రైతులు వాతావరణం గురించి మాట్లాడారు, ఒకరిద్దరు దారి చెప్పారు. కొండదారిలో ఎదురుపడిన ప్రతి మనిషీ పలకరిస్తాడు. మనమూ బదులు పలకరిస్తే చాలు. అసలు ఇబ్బంది వేరే ఉంది. నడిచేవాళ్లు లేని దారి ముళ్లకంపల్లో కలిసిపోతుంది, ఆ తర్వాత దాని కోసం అడిగేవాళ్లూ ఉండరు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఈ కొండలను టెక్స్ట్‌బుక్‌లో బొమ్మగానే చూస్తే, అవి ఎప్పటికీ వేరేవాళ్లవే అనుకుంటారు.

కార్తీక వనభోజనాలకు మన సంఘాలు ఏటా హాలు బుక్ చేస్తాయి. నవంబర్ చలిలో అది తప్పదు. కానీ మే, జూన్ నెలల్లో ఒక ఆదివారం నాలుగు కుటుంబాలు కలిసి పొద్దున హోప్ వ్యాలీ రైలెక్కితే, మధ్యాహ్నానికి ఏదో ఒక ఏటి ఒడ్డున డబ్బాలు విప్పుకోవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఇంట్లో వదిలి వెళ్లకండి. పొలం గట్టు మీద నడక మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.